పొట్టు నిలవాలి, గింజ రవ్వ కావాలి: హోమ్‌బ్రూయింగ్‌కి మాల్ట్ మిల్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా సరిచేసుకోవాలి

పోయిన నెల ఒక ఎపిసోడ్‌లో మాటల మధ్యలో, నేను డాలస్‌లో ఉన్నప్పుడు ఇంట్లో బీర్ కాచేవాడినని ఒక్క ముక్క అన్నా. అంతే, అమెరికాలో ఉన్న మనవాళ్ళ నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, మిల్లు ఏది కొనాలి?" ఈస్ట్ గురించి అడగలేదు, హాప్స్ గురించి అడగలేదు, మిల్లు గురించి అడిగారు. అడిగినవాళ్ళకి అప్పటికే ఒకసారి చెయ్యి కాలి ఉంటుందని నాకు అర్థమైంది. ఎందుకంటే నాకూ అక్కడే కాలింది.

ముందు ఒక మాట. ఇక్కడ మన ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ ఇది చేయకండి. 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడం నేరం, ఇంట్లో తాగడానికే అన్నా సరే. అమెరికాలో సంగతి వేరు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో బీర్ కాచుకోవడం ఫెడరల్ లెవెల్‌లో లీగల్ అయింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్ళుంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువ మంది ఉంటే 200 గాలన్లు. అమ్మకూడదు. అలబామా, మిసిసిపి మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. మీకు 21 నిండకపోతే ఈ వీడియో ఇక్కడే ఆపేసి వేరేది చూడండి, నేనేం అనుకోను.

సరే, అసలు కథ.

నేను బీటెక్ అయ్యాక మూడేళ్ళు హైదరాబాద్‌లో కోడ్ రాసి, తర్వాత ఆన్‌సైట్ మీద డాలస్ పక్కన ఫ్రిస్కో వెళ్ళా. మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం. అందులో ఒక రూమ్మేట్‌కి బెల్జియం స్టైల్ గోధుమ బీర్ అంటే ప్రాణం. అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మావాడు దాన్ని 'ధనియాల బీర్' అనేవాడు. ఆ సంవత్సరం వాళ్ళ కంపెనీలో లేఆఫ్స్ వచ్చి వాడి ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులే గడువు. ఆ 60 రోజుల్లో కొత్త ఉద్యోగం దొరకలేదు. టికెట్ బుక్ చేసుకున్నాడు. అప్పుడు నేను అన్నా, "ఒరేయ్, నువ్వెళ్ళే లోపు నీ ధనియాల బీర్ నా చేత్తో కాచి పోస్తా" అని.

అప్పటికి నేను ఎనిమిది బ్యాచ్‌లు కాచి ఉన్నా. ఎనిమిదీ నీళ్ళ నీళ్ళగానే వచ్చాయి. తాగొచ్చు, కానీ బలం లేదు, నిండుదనం లేదు. మొదట ఈస్ట్ మీద అనుమానపడ్డా, తర్వాత నీళ్ళ మీద, తర్వాత థర్మామీటర్ మీద. రెండు థర్మామీటర్లు కొన్నా కూడా. షాపువాడు పట్టిచ్చిన మాల్ట్‌ని మాత్రం ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకుని చూడలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం సైన్స్ చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాల్ట్ అంటే బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టింది. మన రాగి మాల్ట్‌లో ఉన్న మాల్ట్ కూడా అదే మాట, మొలకెత్తిన గింజ. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు తయారవుతాయి. ఆ గింజని విరిచి, దాదాపు 67 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెడితే, ఆ ఎంజైములు గింజలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. అన్నం ముద్ద ఎక్కువసేపు నమిలితే నోట్లో తియ్యగా అవుతుంది చూడండి, అదే పని. దీన్ని మాష్ అంటారు. తర్వాత ఆ తియ్యటి నీళ్ళని కిందకి వడకట్టి, మరిగించి, హాప్స్ వేసి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు.

మరి వడకట్టడానికి ఫిల్టర్ ఏది? వేరే బట్టేమీ ఉండదు. బార్లీ మీదున్న పొట్టే ఫిల్టర్. ఆ పొట్టు అడుగున ఒక పరుపులా పేరుకుంటే, నీళ్ళు దాని సందుల్లోంచి దిగుతాయి. అంటే మనకి ఒకేసారి రెండు ఎదురెదురు పనులు కావాలి. లోపలి గింజ బాగా ముక్కలవ్వాలి, లేకపోతే నీళ్ళు లోపలికి పోవు, చక్కెర రాదు. పైన పొట్టు మాత్రం చిరగకూడదు, లేకపోతే ఫిల్టర్ ఉండదు. పొట్టు పొడి అయితే ఇంకో నష్టం కూడా ఉంది. ఎక్కువసేపు మరిగిన టీలో వచ్చే వగరు బీర్‌లోకి దిగే అవకాశం పెరుగుతుంది.

మాది మిర్యాలగూడ వైపు. మా మేనమామ రైస్ మిల్లులో ఆపరేటర్‌గా చాలా ఏళ్ళు చేశాడు. వడ్లు మరపట్టేటప్పుడు రబ్బరు రోలర్లు రెండూ వేర్వేరు స్పీడులో తిరుగుతూ ఊకని ఊడదీస్తాయి, గింజ మాత్రం విరగకూడదు. నూక ఎక్కువైతే నష్టం. మాల్ట్ మిల్లులో దీనికి పూర్తిగా రివర్స్. ఇక్కడ నూకే కావాలి, ఊకే నిలవాలి. ఈ ఒక్క వాక్యం ఎనిమిది బ్యాచ్‌ల ముందు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తియ్యండి. అమెరికాలో లెక్కంతా పౌండ్లు, గాలన్లలోనే. మామూలు టూ-రో మాల్ట్ ఒక పౌండ్‌ని, ఒక గాలన్ నీళ్ళలో, వందకి వంద శాతం చక్కెర తీయగలిగితే దాదాపు 37 పాయింట్లు వస్తాయి. 10 పౌండ్ల మాల్ట్, 5 గాలన్ల బీర్ అనుకోండి, అంటే నాలుగున్నర కిలోలకి 19 లీటర్లు. 370ని 5తో భాగిస్తే 74. అంటే హైడ్రోమీటర్ మీద 1.074. అది ఎవరికీ రాదు. ఇంట్లో 75 శాతం వస్తే సంతోషం, అంటే 1.055. నాకు వచ్చేది 1.043. అంటే 58 శాతం. బీర్ చివరికి ఒకటి 5.6 శాతం ఆల్కహాల్ దగ్గర ఆగితే, ఇంకోటి 4.3 దగ్గర ఆగుతుంది. అదే మాల్ట్, అదే డబ్బులు, అదే ఆరు గంటల కష్టం.

షాపులో మిల్లు రోలర్ల మధ్య సందు ఎక్కువ పెట్టి ఉందని తర్వాత తెలిసింది. ఎందుకు అలా పెడతారో నాకొక అనుమానం ఉంది. సందు ఎక్కువైతే చక్కెర తక్కువ వస్తుంది, కానీ కస్టమర్‌కి తెలియదు, నాలాగా ఈస్ట్‌ని తిట్టుకుంటాడు. సందు తక్కువైతే మాష్ జామ్ అవుతుంది, వెంటనే వచ్చి షాపువాడిని తిడతాడు. అందుకే వాడికి ఎక్కువ సందే సేఫ్.

అందుకని మిల్లు కొనే ముందు ఫ్రీగా అయ్యే పని ఒకటుంది. షాపులో "రెండుసార్లు పట్టండి" అని అడగండి. చాలామంది కాదనరు. దాంతోనే మీ నంబర్ పెరిగిందనుకోండి, సమస్య మిల్లుదేనని తేలిపోయినట్టు. మూడు నెలలకొకసారి కాచేవాళ్ళకి ఇది చాలు, మిల్లు కొనక్కర్లేదు. నెలకొకసారైనా కాచేవాళ్ళకి సొంత మిల్లు లాభమే. పట్టని మాల్ట్ పొడిగా, చల్లగా పెడితే నెలల తరబడి ఉంటుంది కాబట్టి పెద్ద బస్తా కొనుక్కోవచ్చు. పట్టిన మాల్ట్ కొన్ని వారాల్లోనే చప్పబడిపోతుంది.

సరే, మా రూమ్మేట్ బీర్ దగ్గరికి వద్దాం. షాపు మిల్లు మీద నమ్మకం పోయింది కదా, ఆఫీసులో ఒకాయన దగ్గర పాత ప్లేట్ మిల్లు ఉంటే అడిగి తెచ్చా. ఈ రకాన్ని అక్కడ అందరూ కరోనా మిల్లు అంటారు. వైరస్ కాదండీ, ఆ పేరు అంతకుముందు నుంచే ఉంది. లాటిన్ అమెరికాలో మొక్కజొన్న రుబ్బుకోవడానికి వాడేది. చేత్తో తిప్పితే ఒక స్క్రూ గింజని తోసుకెళ్ళి రెండు ఇనుప పళ్ళాల మధ్య నలుపుతుంది. మన తిరగలి నిలబెట్టినట్టు ఉంటుంది. నాకు ఎనిమిది బ్యాచ్‌ల కసి ఉంది కదా, స్క్రూ గట్టిగా బిగించి తిప్పా. సగం బార్లీ మాల్ట్, సగం గోధుమ. వచ్చింది చూస్తే అట్ట పిండిలా ఉంది. నాకేమో మహా సంతోషం, ఇక చక్కెరే చక్కెర అని.

గోధుమకి పొట్టు ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు. ఉన్న సగం బార్లీ పొట్టుని నేనే పొడి చేసేశా. రాత్రి 9 గంటలకి మాష్ అయింది, కుళాయి తిప్పా. ఒక గ్లాసు వచ్చింది, ఆగిపోయింది. ఊదాం, కదిపాం, వేడినీళ్ళు పోశాం. లోపల మైదా జావలా గడ్డకట్టేసింది. మా రూమ్మేట్ పెద్ద గరిటెతో ఆ జావ ఎత్తి దిండు గలేబులో పోస్తుంటే నేను పిండుతున్నా. రాత్రి 2 గంటలకి గలేబు చిరిగింది. వంటింటి కార్పెట్ మీద మొత్తం. అవును, ఆ అపార్ట్‌మెంట్‌లో వంటింటి పక్కనే కార్పెట్. డిపాజిట్‌లో కోత కూడా పడింది.

ఇంకో బ్యాచ్ కాచడానికి టైమ్ లేదు. కాచి, పులియబెట్టి, సీసాల్లో నింపి, గ్యాస్ పట్టాలంటే నాలుగు వారాలు. వాడి ఫ్లైట్ మూడు వారాల్లో ఉంది. ఫేర్‌వెల్‌కి షాపు బీర్ కొనుక్కొచ్చాం. వాడు ఏమీ అనలేదు. ఎయిర్‌పోర్ట్‌లో దిగేటప్పుడు మాత్రం "గోధుమ రొట్టెలు చేసుకోరా ఆ పిండితో" అన్నాడు.

వాడు వెళ్ళిన వారానికి నేను రోలర్ మిల్లు కొన్నా.

ఇప్పుడు ఏది కొనాలో చెప్తా, త్వరగా చెప్పేస్తా. మిక్సీ వద్దు, అది గింజని కోస్తుంది, పొట్టుతో సహా. ప్లేట్ మిల్లు చవక, బ్యాగ్‌లో కాచేవాళ్ళకి పనికొస్తుంది. తప్పు నాదే గానీ మిల్లుది కాదు, సందు వదులుగా పెట్టి వాడేవాళ్ళు మంచి బీరే కాస్తున్నారు. ఇందులో బయటి పళ్ళెం ఊగుతూ ఉంటుంది కాబట్టి వాషర్లు వేసి ఆ ఊగుడు తగ్గించుకోవాలి. ఇక రెండు రోలర్ల మిల్లు. నా ఓటు దీనికే. రెండు ఉక్కు రోలర్లు, వాటి మీద గరుకు గీతలు. ఒకటి మనం తిప్పుతాం, రెండోది గింజ రాపిడికి దానంతటదే తిరుగుతుంది. గింజ నలుగుతుంది, పొట్టు చాలావరకు నిలుస్తుంది. మూడు రోలర్లది ఇంకా బాగుంటుంది, మొదటి జత గింజని అణచి, రెండో సందు విరుస్తుంది. కానీ ఇంట్లో నెలకి ఒకటి రెండు బ్యాచ్‌లకి ఆ డబ్బులు దండగ అని నా అభిప్రాయం.

రెండు రోలర్ల దాంట్లో చూడాల్సింది ముఖ్యంగా ఒకటే. సందు మార్చుకునే ఏర్పాటు రెండు చివర్లా ఉండాలి, మార్చాక బిగించడానికి స్క్రూలు ఉండాలి. కొన్ని చవక మిల్లుల్లో సందు ఫ్యాక్టరీలో పెట్టిందే, మార్చలేం. అది వద్దు. రోలర్ లావు అంగుళంపావు నుంచి రెండంగుళాల దాకా దొరుకుతాయి. లావుగా ఉన్నవి గింజని తేలిగ్గా లోపలికి లాక్కుంటాయి. అంగుళంన్నర ఉంటే హాయిగా సరిపోతుంది. నేను కొన్నదానికి 110 డాలర్లు పెట్టా.

కొత్త మిల్లు వచ్చింది, పట్టా, కాచా. 63 శాతం. అంతే! నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ ఆదివారం మా మామకి వీడియో కాల్ చేశా. ఏం కాస్తున్నానో ముందు చెప్పలేదు, ఏదో గింజ పడుతున్నా అన్నా. కెమెరా పిండి మీద పెట్టా. ఆయన రెండు సెకన్లు చూసి, "అల్లుడా, ఒక దిక్కు గింజలు గింజలే ఉన్నయ్, ఇంకో దిక్కు పిండైంది. నీ రోలర్లు సమంగ లేవురా. ఎడమ దిక్కు వేరే, కుడి దిక్కు వేరే పట్టి సూడు" అన్నాడు. హాపర్ ఎడమ చివర గుప్పెడు, కుడి చివర గుప్పెడు విడివిడిగా పోసి పట్టా. కరెక్టే. ఎడమవైపు మెత్తగా, కుడివైపు సగం గింజలు అలాగే దిగాయి. తర్వాత కొలిస్తే ఎడమ 0.034 అంగుళం, కుడి 0.048. కంపెనీ కాగితం మీద మాత్రం 0.039 అని రాసుంది. అప్పుడు మామ, "ఇంతకీ ఏందిరా అది?" అన్నాడు. చెప్పా. కాసేపు ఆగి "మీ అమ్మకు చెప్పకు" అని ఫోన్ పెట్టేశాడు. అమ్మా, ఈ వీడియో చూస్తుంటే సారీ.

కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి. మన దగ్గర బైక్ మెకానిక్ ట్యాపెట్ సెట్టింగ్‌కి వాడే సన్నటి ఉక్కు రేకుల కట్ట, అదే. అక్కడ కారు స్పేర్‌పార్ట్స్ షాపులో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. అది లేకపోతే డెబిట్ కార్డ్. కార్డు మందం 0.030 అంగుళం, అంటే 0.76 మిల్లీమీటర్లు, అన్ని బ్యాంకులదీ అంతే. ఉబ్బెత్తు అంకెలు లేని అంచు వాడండి. కొలత రెండు చివర్లా తీయాలి, తర్వాత రోలర్‌ని పావు చుట్టు తిప్పి మళ్ళీ తీయాలి, ఎందుకంటే రోలర్ గుండ్రం కాస్త తేడా ఉండొచ్చు. రేకు జారుతూ వెళ్ళాలి, కానీ కొంచెం పట్టినట్టు ఉండాలి. స్క్రూ బిగించాక ఇంకోసారి కొలవండి. బిగించేటప్పుడే కదిలిపోతుంది, నాకు మూడుసార్లు కదిలింది.

మొదట 0.039 దగ్గర పెట్టండి, అంటే దాదాపు ఒక మిల్లీమీటర్. ఒక గుప్పెడు పట్టి తెల్ల ప్లేటులో పరచండి. (స్క్రీన్ మీద మూడు ప్లేట్ల ఫోటో చూపించా, ఎడమ నుంచి కుడికి.) మొదటి ప్లేటులో గింజలు నొక్కుకుపోయాయి గానీ విరగలేదు, వేలితో నొక్కితే లోపల గట్టిగా ఉంది. ఇది షాపు సరుకు. మూడో ప్లేటులో పొట్టు తవుడైపోయింది, చేతికి పిండి అంటుకుంటోంది. ఇది నా దిండు గలేబు రాత్రి. మధ్య ప్లేటు చూడండి. పొట్టు రెండు పలుకులుగా, దాదాపు నిండుగా ఉంది, లోపల ఖాళీ. గింజ ముక్కలు ఉప్మారవ్వ సైజులో, కొన్ని ఇడ్లీరవ్వ సైజులో. పిండి ఉంది, కానీ కొంచెమే. ఒక్క గింజ కూడా సాంతంగా లేదు. మన లక్ష్యం ఇదే. ఇంట్లో రవ్వ జల్లెడ ఉంటే అందులో జల్లించి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

నంబర్ కంటే ప్లేటు ముఖ్యం. ఒక బస్తా గింజ లావుగా ఉంటుంది, ఇంకో బస్తా సన్నగా ఉంటుంది, అదే సందులో తేడా వస్తుంది. కాబట్టి 0.039 నుంచి బ్యాచ్‌కి 0.002 చొప్పున తగ్గించుకుంటూ రండి. ఇక్కడ నా సాఫ్ట్‌వేర్ బుద్ధి చెప్తున్నా, ఒక బ్యాచ్‌కి ఒక్కటే మార్చండి. సందూ మార్చి, నీళ్ళూ మార్చి, టైమూ మార్చితే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. ప్రతిసారీ సందు, వచ్చిన గ్రావిటీ, వడకట్టడానికి పట్టిన టైమ్, మూడూ ఫోన్‌లో నోట్ చేయండి. గ్రావిటీ పెరగడం ఆగి, వడకట్టే టైమ్ మాత్రం పెరుగుతోందంటే ఒక మెట్టు వెనక్కి రండి. నాకు 0.036 దగ్గర కుదిరింది. 74 శాతం. పదో బ్యాచ్‌కి కాదు, పదమూడో బ్యాచ్‌కి.

బ్రూ ఇన్ ఎ బ్యాగ్ పద్ధతిలో, అంటే మెష్ బట్ట సంచిలో కాచేవాళ్ళకి ఈ భయం తక్కువ. అక్కడ సంచే ఫిల్టర్, కాబట్టి 0.030కి, ఇంకా కిందకి కూడా వెళ్ళొచ్చు. కొత్తవాళ్ళు ఇలా మొదలుపెడితే నాలా గలేబులు చింపుకోనక్కర్లేదు.

గోధుమ గింజ చిన్నది, గట్టిది. బార్లీ సందులో జారిపోతుంది. దాన్ని విడిగా, సందు తగ్గించి పట్టుకోవాలి. పొట్టు లేదు కాబట్టి బయటి నుంచి పొట్టు కలపాలి. ఏం కలుపుతారో తెలుసా? వరి ఊక! హోమ్‌బ్రూ షాపులో శుభ్రం చేసిన ఊక ప్యాకెట్లలో పెట్టి పౌండ్ లెక్కన అమ్ముతారు. మిర్యాలగూడలో పుట్టినవాడిని, ఊక గుట్టలు చూసి పెరిగినవాడిని, టెక్సాస్‌లో కార్డు గీకి ఊక కొన్నా. దీనికి రుచి రాదు, చక్కెర రాదు, దారి మాత్రం ఇస్తుంది. సగం గోధుమ ఉన్న 10 పౌండ్లకి ఒక అరపౌండ్ వేస్తే చాలు. ఆ రాత్రి అది ఉండుంటే చాలావరకు గట్టెక్కేవాళ్ళం.

ఇక మిల్లుని మెరుగుపరచడం. చేత్తో తిప్పితే 10 పౌండ్లకి భుజం పోతుంది, అందుకే అందరూ డ్రిల్ తగిలిస్తారు. తగిలించి ట్రిగ్గర్ పూర్తిగా నొక్కుతారు, తప్పంతా అక్కడే. స్పీడ్ ఎక్కువైతే పొట్టు చిరుగుతుంది, దుమ్ము లేస్తుంది. నిమిషానికి 150 నుంచి 200 చుట్లు చాలు. రోలర్ ఇరుసు మీద టేపు ముక్క అంటించి, 10 సెకన్లలో ఎన్నిసార్లు కనబడిందో లెక్కపెట్టండి, 30 అయితే 180 అన్నమాట. డ్రిల్‌ని ఒకటో గేర్‌లో పెట్టండి. ముందు డ్రిల్ స్టార్ట్ చేసి, తర్వాత గింజ పొయ్యండి. గింజ నిండుగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే డ్రిల్ మొరాయిస్తుంది, మణికట్టు తిరుగుతుంది. 10 పౌండ్లకి నాలుగైదు నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

హాపర్ చిన్నగా ఉంటే 5 గాలన్ల వాటర్ క్యాన్ అడుగు కోసి తలకిందులుగా బిగించండి. నేను అదే చేశా. మూతి దగ్గర ఒక రేకు పెట్టి గేటులా వాడితే ఇంకా మంచిది.

కొన్నిసార్లు రెండో రోలర్ తిరగదు. గింజ పైన అలాగే కూర్చుంటుంది, మొదటి రోలర్ ఒక్కటే గీరుతూ ఉంటుంది. కొత్తవాళ్ళు మిల్లు పోయిందనుకుంటారు. చాలాసార్లు ఇరుసు దగ్గర పిండి చేరి బిగుసుకుపోతుంది. బ్రష్‌తో, గాలితో శుభ్రం చేసి, ఇరుసుకి ఒక్క చుక్క ఫుడ్ గ్రేడ్ నూనె వేస్తే వదులుతుంది. అప్పటికీ తిరగకపోతే కొంతమంది రోలర్ చివర రబ్బరు ఓ-రింగ్ తొడుగుతారు, దాని పట్టుకి రెండోది కూడా తిరుగుతుంది. నీళ్ళతో మాత్రం ఎప్పుడూ కడగకండి, మామూలు ఉక్కు రోలర్లకి తెల్లారేసరికి తుప్పే.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చిన చిట్కా మాత్రం రూపాయి ఖర్చు లేనిది. మాల్ట్ కండిషనింగ్. పట్టే ముందు మాల్ట్ బరువులో 2 శాతం నీళ్ళు చల్లాలి. నాలుగున్నర కిలోలకి 90 మిల్లీలీటర్లు. స్ప్రే బాటిల్‌తో కొంచెం కొంచెంగా చల్లుతూ చేత్తో కలిపి, 10 నిమిషాలు వదిలేయండి. పొట్టు మెత్తబడి తోలులా సాగుతుంది, లోపలి గింజ పొడిగానే ఉంటుంది. ఇప్పుడు పడితే పొట్టు చిట్లదు. పెద్ద పిండి మిల్లుల్లో గోధుమని పట్టే ముందు తడిపి ఉంచేది కూడా ఇందుకే, తవుడు పెద్ద రేకులుగా ఊడి రావాలని. దీంతో సందు ఇంకాస్త తగ్గించినా మాష్ జామ్ అవ్వదు. చివర్లో ఒక గుప్పెడు పొడి మాల్ట్ వేసి తిప్పితే రోలర్లకి అంటిన తడి పోతుంది. నీళ్ళు ఎక్కువైతే మాత్రం రోలర్లకి పిండి పేస్టులా పడుతుంది, జాగ్రత్త.

జాగ్రత్త అంటే గుర్తొచ్చింది. డ్రిల్ తగిలించి ఉండగా రోలర్ల దగ్గర వేలు పెట్టకండి, బ్యాటరీ తీసేశాకే. పొడుగు చేతుల చొక్కా, వేలాడే ఐడీ కార్డు తాడు, ఏవీ వద్దు. బాల్కనీలోనో గరాజ్‌లోనో పట్టండి, మాస్క్ పెట్టుకోండి, దగ్గర్లో స్టవ్ మంట ఉండకూడదు, పిండి దుమ్ము గాలిలో అంటుకుంటుంది. పులుస్తున్న బీర్ ఉన్న గదిలో అసలు పట్టకండి. మాల్ట్ పొట్టు మీద లాక్టోబాసిలస్ ఉంటుంది, మన పెరుగు తోడుకునే జాతి బ్యాక్టీరియానే. ఆ దుమ్ము బీర్‌లో పడితే పుల్లబడుతుంది.

సందు సరిచేసినా నంబర్ రాలేదంటే, గంట అయ్యాక మాష్ నీళ్ళు ఒక చుక్క తెల్ల ప్లేటు మీద వేసి, పక్కనే టించర్ అయోడిన్ చుక్క కలపండి. బడిలో బంగాళాదుంప మీద వేసిన టెస్టే. నీలి నలుపు వస్తే పిండి ఇంకా చక్కెర కాలేదు, ఇంకో పావుగంట ఉంచండి. పొట్టు ముక్క పడనివ్వకండి, అది ఎప్పుడైనా నల్లబడుతుంది. రంగు మారలేదంటే మిల్లుది తప్పు కాకపోవచ్చు, కడిగే పద్ధతి చూసుకోవాలి. అది ఇంకో ఎపిసోడ్.

పదమూడో బ్యాచ్ ధనియాల బీరే కాచా. గోధుమ విడిగా పట్టి, ఊక వేసి, నీళ్ళు చల్లి. కుళాయి తిప్పితే ధారగా దిగింది, నేనొక్కడినే చూస్తూ నిలబడ్డా. ఫోటో తీసి మావాడికి పంపా. హైదరాబాద్‌లో అప్పుడు తెల్లవారుజాము, వాడు అప్పటికి కొత్త ఉద్యోగంలో చేరి నైట్ షిఫ్ట్‌లో ఉన్నాడు. "కార్పెట్ ఎలా ఉంది?" అని రిప్లై ఇచ్చాడు.

నేను తిరిగొచ్చేటప్పుడు మిల్లు తీసుకురాలేదు, బరువు. ఇక్కడ తెచ్చినా ఏం చేస్తాం, పైన చెప్పిన చట్టం ఉంది కదా. మొన్న ఇద్దరం గచ్చిబౌలిలో ఒక మైక్రోబ్రూవరీకి వెళ్ళాం. వాడు గోధుమ బీర్ ఒక గుక్క తాగి, "నీది ఇంకా బాకీ" అన్నాడు. మిల్లు ఇప్పుడు ఫ్రిస్కోలో మా మూడో రూమ్మేట్ గరాజ్‌లో ఉంది. దాని మీద తెలుగులో ఒక స్టిక్కర్ అంటించి వచ్చా. "రెండు వైపులా 0.036. బిగించాక మళ్ళీ కొలువు."